ఒకే ట్రేలో రెండు సెట్లు

విశాఖపట్నం కురుపాం మార్కెట్‌లో ఓ నగల దుకాణంలో పనిచేసే అమ్మాయి పొద్దున్న ఏడింటికి నా దగ్గర ఇంగ్లీషు క్లాసుకి వస్తుంది. ద్వారకానగర్‌లో మేడ మీద ఒక గది, ఒక బోర్డు, పన్నెండు మంది పిల్లలు. అందరూ డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. తొమ్మిదింటికి క్లాసు వదిలితే ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు.

ఓ రోజు క్లాసు అయ్యాక ఆ అమ్మాయి ఆగిపోయింది. "సార్, మా షాపులో ఒకే ట్రేలో హారం, దిద్దులు, ఉంగరం కలిపి పెడతాం. దాన్ని సెట్ అంటాం. అందులో రాళ్లు కూర్చోబెట్టిన తీరుని సెట్టింగ్ అంటాం. ఓపెన్ సెట్టింగ్, క్లోజ్ సెట్టింగ్ అని. 'ఈ సెట్‌లో సెట్టింగ్ చూడండమ్మా' అని రోజుకి పదిసార్లు చెప్తాను. ఈ సెట్టూ ఆ సెట్టూ ఒకటేనా, వేరేవా? అదేటి సార్?"

జవాబు చెప్పేముందు ఆమె నోటు పుస్తకం చూశాను. 'సెట్' అన్న మాటకి ఎక్కడెక్కడో దొరికిన అర్థాలన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ఉంచు, అమర్చు, నిర్ణయించు, అస్తమించు, గట్టిపడు, జట్టు, సిద్ధం... మొత్తం నలభై మూడు. పంతొమ్మిదో దాని పక్కన టిక్కు పెట్టి ఉంది. అక్కడిదాకా బట్టీ పట్టిందట. రాత్రి షాపు కట్టేశాక ఇంటికెళ్లి, అన్నం తిని, నిద్ర ముంచుకొస్తున్నా ఆ జాబితా అప్పజెప్పుకుంటోంది. నాకు నిజంగా బాధేసింది. పిల్ల కష్టపడటం లేదని కాదు, ఆ కష్టమంతా అక్కర్లేని చోట పడుతోందని.

నలభై మూడు చూసి ఆమె భయపడింది గానీ, అసలు లెక్క ఇంకా పెద్దది. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో 'సెట్' అనే క్రియ ఒక్కదానికే సుమారు 430 అర్థాలు ఇచ్చారు. వాటి వివరణకి దాదాపు 60,000 మాటలు పట్టింది. మొత్తం నిఘంటువులో అప్పటికి అన్నిటికన్నా పెద్ద వివరణ అదే. ఆ తర్వాత జరుగుతున్న సవరణలో 'రన్' అనే మాట 645 అర్థాలతో దాన్ని దాటేసింది. ఇంగ్లండులో పుట్టి పెరిగిన ఏ పిల్లాడూ ఈ 430 బట్టీ పట్టలేదు. వాడికి ఎలా వచ్చాయంటే, మనకి 'పెట్టు' ఎలా వచ్చిందో అలాగే వచ్చాయి.

మర్నాడు క్లాసులో పుస్తకాలు మూయించి, 'పెట్టు'తో వచ్చే మాటలన్నీ చెప్పమన్నాను. మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆపడం నావల్ల కాలేదు. అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, ముద్దు పెట్టు, సంతకం పెట్టు, దణ్ణం పెట్టు, తాకట్టు పెట్టు, అలారం పెట్టు, ఆవకాయ పెట్టు, వడియాలు పెట్టు, ఖర్చు పెట్టు, ముహూర్తం పెట్టు, చాడీలు పెట్టు కాదు చాడీలు చెప్పు అని ఒకరినొకరు సరిదిద్దుకుంటూ, మొదలుపెట్టు, కనిపెట్టు, వదిలిపెట్టు, తగలబెట్టు, ఎగబెట్టు. పది నిమిషాల్లో బోర్డు నిండిపోయింది. వీటిని మీకు ఎవరు నేర్పారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆవకాయ పెట్టడానికీ దణ్ణం పెట్టడానికీ పోలిక ఏమిటంటే చెప్పడం కష్టమే. కానీ ఒకదాన్ని ఇంకోటి అనుకుని పొరపాటు పడే తెలుగువాడు ఎక్కడా ఉండడు. మాటకి ఒక నడుం ఉంటుంది, మిగతా అర్థాలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఆ నడుం దొరికితే జాబితా అక్కర్లేదు.

'సెట్' నడుం ఎక్కడుందో చూద్దాం.

పాత ఇంగ్లీషులో 'సిట్టాన్' అంటే కూర్చోవడం. ఇప్పటి 'సిట్' అదే. దాని పక్కనే 'సెట్టాన్' అని ఇంకో మాట ఉండేది. దానర్థం కూర్చునేలా చేయడం. అదే ఇప్పటి 'సెట్'. 'సిట్'లో ఇకారం ఉన్నచోట 'సెట్'లో ఎకారం ఉంది, అంతే తేడా. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు ఇంకొన్ని మిగిలున్నాయి. 'రైజ్' అంటే తాను లేవడం, 'రెయిజ్' అంటే ఇంకోదాన్ని లేపడం. 'ఫాల్' అంటే పడటం, 'ఫెల్' అంటే చెట్టుని పడగొట్టడం. మనకి ఇది బొత్తిగా కొత్త కాదు. ఆగు అంటే తాను ఆగడం, ఆపు అంటే ఇంకోదాన్ని ఆపడం. దిగు, దింపు. మునుగు, ముంచు. హార్బర్‌లో మనిషి పడవ దిగుతాడు, చేపల బుట్ట దింపుతాడు. ఒక చిన్న అక్షరం మార్చి పని ఎవరిదో చెప్పేస్తాం.

కూర్చోవడానికి జంటగా మన దగ్గర ఏముంది? కూర్చోబెట్టు. ఆ మాటని విడదీసి బోర్డు మీద రాశాను. కూర్చో, పెట్టు. ఇంగ్లీషు 'సెట్' పుట్టుక అంతా మన మాటలోనే ఉంది. ఒకదాన్ని దాని చోట కూర్చోబెట్టడం. ఊరికే పడేయడం కాదు, కదలకుండా నిలిచేలా పెట్టడం. ఇంగ్లీషులో 'పుట్' అన్నా పెట్టడమే, కానీ అందులో ఈ కుదురు లేదు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టడానికి 'పుట్' చాలు. గడియారంలో టైము పెట్టడానికి 'సెట్' కావాలి, ఎందుకంటే పెట్టిన తర్వాత అది అలాగే ఉండాలి.

ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "మేమూ రాయి కూర్చోబెట్టడం అనే అంటాం సార్" అంది. నిజమే. బంగారంలో గూడు చేసి, అందులో రాయిని కూర్చోబెట్టి, అంచు వంచి బిగిస్తే అది సెట్టింగ్. రాయి గూట్లో కూర్చుంది. ఆమె రోజూ చూస్తున్న సెట్టింగే ఈ మాట అసలు అర్థానికి అన్నిటికన్నా దగ్గర.

ఇప్పుడు బోర్డు మీది జాబితాలోకి వెళ్లి పోల్చి చూశాం. ఇంగ్లీషువాళ్లు 'సెట్ ఫుట్' అంటారు, మనం కాలు పెట్టడం అంటాం. 'సెట్ ఫైర్' అంటే నిప్పు పెట్టడం. 'సెట్ ఎ ప్రైస్' అంటే ధర పెట్టడం. 'సెట్ ఎ డేట్' అంటే తేదీ పెట్టుకోవడం. 'సెట్ ఎసైడ్' అంటే పక్కన పెట్టడం. 'సెట్ ది అలారం' అంటే అలారం పెట్టడం. 'సెట్ ఎ కండిషన్' అంటే షరతు పెట్టడం. మాటకి మాట అచ్చంగా సరిపోతుంటే పిల్లలకి ఏదో పండగలా ఉంది. ఈ రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు, 'పెట్టు' ద్రావిడ భాషల సొత్తు. ఎక్కడో ఇంగ్లండులో, ఇక్కడ మన సముద్రపు ఒడ్డున, మనుషులు ఒకే తోవలో ఆలోచించారు. నిప్పుని ఒక వస్తువులా గడ్డివాము దగ్గర 'పెట్టొచ్చు' అని ఇద్దరికీ తోచింది.

సరిపోనివీ ఉన్నాయి, వాటినీ దాచకూడదు. మనం బొట్టు పెడతాం, వాళ్లు 'సెట్' చేయరు. కోడి గుడ్డు పెడుతుంది, ఇంగ్లీషు కోడి 'లే' చేస్తుంది. వాళ్లు పాటని 'సెట్ టు మ్యూజిక్' అంటే, మనం బాణీ కడతాం. వాళ్లు పరీక్ష పేపరు 'సెట్' చేస్తే మనం తయారుచేస్తాం. నడుం ఒకటే అయినా చేతులూ కాళ్లూ వేరు. ఇవి మాత్రం ఒక్కొక్కటీ వాడుకలోంచి పట్టుకోవాల్సిందే.

ఒక చిక్కు మిగిలింది. సిమెంటు సెట్ అవుతుంది, పెరుగు సెట్ అవుతుంది, ముసురు 'సెట్ ఇన్' అవుతుంది. ఇక్కడ ఎవరూ దేన్నీ పెట్టడం లేదు కదా?

దీనికి జవాబు క్లాసులోనే ఉన్న ఇంకో కుర్రాడి దగ్గర దొరికింది. వాళ్ల నాన్న మేస్త్రి. మధురవాడ వైపు అపార్టుమెంట్లలో స్లాబులు వేస్తారు. సెలవు రోజుల్లో ఈ కుర్రాడూ పనికి వెళ్తాడు. స్లాబ్ వేసేరోజు ఎండ ఎక్కుతుంటే వాళ్ల నాన్న అరిచే మాట ఒకటే అని చెప్పాడు. "మాలు సెట్ అయిపోతంది, బేగి లాగండ్రా!" సిమెంటులో నీళ్లు పడగానే లోపల రసాయన చర్య మొదలవుతుంది. కొంతసేపు మాలు ఎటు తోస్తే అటు వెళ్తుంది. తర్వాత అది పారడం మానేస్తుంది, పెట్టిన చోట కూర్చుండిపోతుంది. ఆ ఘడియే సెట్ అవడం. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు సెట్ కావడం మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా సెట్ అయిపోవాలి. మొదటి గడువు మేస్త్రికి మాలు పరిచే వ్యవధి ఇవ్వడానికి. అందుకే ఫ్యాక్టరీలో సిమెంటు క్లింకర్‌ని, అంటే బట్టీలో కాల్చిన ముద్దలని, పొడి చేసేటప్పుడు జిప్సమ్ కలుపుతారు. అది లేకపోతే నీళ్లు తగిలిన కాసేపటికే బిగుసుకుపోతుంది. ఎండ ముదిరితే చర్య ఇంకా వేగంగా జరుగుతుంది, అందుకే మేస్త్రికి ఆ కంగారు.

ఒక సంగతి గమనించాలి. సెట్ అయిన స్లాబ్ గట్టిపడిన స్లాబ్ కాదు. బలం రావడానికి రోజులు పడుతుంది. సిమెంటు కాంక్రీటు బలాన్ని 28 రోజుల దగ్గర పరీక్షించడం ఆనవాయితీ. వేసిన మొదటి రోజుల్లో తడుపుతూ ఉండాలి. ఇంజనీర్లు 'సెట్టింగ్' అని ఒకదాన్నీ 'హార్డెనింగ్' అని ఇంకోదాన్నీ విడిగా పిలుస్తారు. నిఘంటువులో 'సెట్' అంటే 'గట్టిపడు' అని చూసి ఆ అమ్మాయి రాసుకుంది. సరిగ్గా చెప్పాలంటే 'కదలడం మానేయడం'. కూర్చోబెట్టడంలోంచి కదలకుండా కూర్చోవడం, అందులోంచి ఇది. ముఖం 'సెట్' అయిందంటే బిగుసుకుందని. ఒకడి బుద్ధి ఒకదాని మీద 'సెట్' అయిందంటే ఇక అటూ ఇటూ కదలదని. 'సెట్ మెనూ' అంటే మార్చడానికి వీల్లేని భోజనం. అన్నీ ఆ మాలు తీరులోనివే.

మేస్త్రి సెట్ అయిందని కాకుండా తెలుగులో చెప్పాలంటే ఏమంటాడని అడిగాను. "సిమెంటు పట్టేసింది అంటాడు సార్" అన్నాడు. అప్పుడు నాకే ఒక కొత్త సంగతి కనబడింది. ముసురు పట్టింది. చలి పట్టింది. తుప్పు పట్టింది. వానాకాలం 'సెట్ ఇన్' అయిందని ఇంగ్లీషువాడు అనే చోట మనం 'పట్టింది' అంటాం. మనిషి చేసేదానికి 'పెట్టు', తనంతట తాను కుదురుకునేదానికి 'పట్టు'. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో లాగించిన పొలాన్ని మనం రెండు మాటల మధ్య గట్టు వేసి పంచుకున్నాం. వాతావరణ శాఖవాళ్లు ఏటా కేరళలో నైరుతి రుతుపవనాల 'ఆన్‌సెట్' ప్రకటిస్తారు కదా, మామూలుగా జూన్ 1 అంటారు. 'ఆన్‌సెట్'లో ఉన్నదీ ఈ సెట్టే.

పెరుగు మాత్రం ముచ్చటగా రెండు వైపులా పడింది. అమ్మ తోడు పెడుతుంది, పొద్దున్నకి పాలు తోడుకుంటాయి. ఇంగ్లీషులో రెండూ 'సెట్' అనే అంటారు.

సూర్యుడి గురించి ఒక్క ముక్క. పైఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం కోసం ఎదురుచూస్తారు. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది, క్రుంగేది మాత్రం వెనక కొండల్లో. ఇంగ్లీషులో 'సన్‌సెట్' అంటే సూర్యుడు తన చోట కూర్చోవడం. మన దగ్గర పొద్దు వాలుతుంది, కుంకుతుంది. పడమర అనే దిక్కుకి ఆ పేరు వచ్చింది కూడా పొద్దు పడే వైపు కాబట్టే. వాళ్ల సూర్యుడు కూర్చుంటాడు, మన సూర్యుడు పడతాడు.

ఇక ట్రేలో ఉన్న రెండో సెట్. హారం, దిద్దులు, ఉంగరం కలిసిన సెట్. ఇది అసలు ఆ మాటే కాదు. లాటిన్‌లో 'సెక్వి' అంటే వెంట నడవడం. 'సెక్టా' అంటే ఒకరి వెంట నడిచే గుంపు, ఒక గురువు శిష్యులు, ఒక మతశాఖ. అది పాత ఫ్రెంచిలో 'సెట్' అయి ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చేసరికి అక్కడ కూర్చోబెట్టే 'సెట్' ఎప్పటినుంచో కాపురం ఉంది. ఒకే పలుకు, ఒకే రాత. కలిసి అమర్చి పెట్టిన వస్తువులు కూడా ఒక గుంపే కదా, అందువల్ల రెండూ ఒకదానిలోకి ఒకటి కొంత ఒలికాయి కూడా. ఇంగ్లీషువాళ్లకే ఇప్పుడు ఇవి రెండు మాటలన్న గుర్తు లేదు. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. వేరేవి. సెట్టింగ్ అంటే కూర్చోబెట్టడం. సెట్ అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే కుటుంబం. హారం వెంట దిద్దులు, దిద్దుల వెంట ఉంగరం.

ఈ రెండో మాట చుట్టాలు మనకి బాగా తెలిసినవాళ్లే. 'సెక్ట్' దీనికి తోబుట్టువు. 'సీక్వెన్స్', 'సూట్' కూడా ఆ ఇంటివే. ఇంకా వెనక్కి వెళ్తే మన ఇంటి ముందుకే వస్తాం. లాటిన్ 'సెక్వి'కీ, సంస్కృతంలో కలిసి ఉండటం, వెంట ఉండటం అనే అర్థమున్న 'సచ్' ధాతువుకీ మూలం ఒకటే. 'సచివుడు' అంటే వెంట ఉండేవాడు. సచివాలయం అన్న పేరులో ఉన్నది ఆ సచివుడే. మొదటి సెట్‌కీ అలాంటి చుట్టరికమే ఉంది. 'సిట్', 'సెట్' పుట్టిన వేరులోంచే సంస్కృతంలో 'సద్' వచ్చింది, కూర్చోవడం. 'సదస్సు' అంటే కూర్చునే చోటు. 'పరిషత్తు' అంటే చుట్టూ కూర్చున్నవాళ్లు. 'ఉపనిషత్తు'లో శిష్యుడు దగ్గరగా కింద కూర్చున్నాడు. సంస్కృతానికీ గ్రీకుకీ లాటిన్‌కీ ఒకే మూలం ఉండి ఉండాలని జడ్జి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట పుస్తకాల్లో చదువుకుంటాం. దాని రుజువు ఇంత దగ్గరగా, జిల్లా పరిషత్ బోర్డు మీద ఒక సెట్, సచివాలయం బోర్డు మీద ఇంకో సెట్ తాలూకు చుట్టంగా కనబడుతుందని నేను కూడా చాలా ఆలస్యంగానే తెలుసుకున్నాను.

రెండో ఇంట్లో చేరేవి గుర్తుపట్టడం తేలిక. సోఫా సెట్, డిన్నర్ సెట్, గాజుల సెట్, ఒక ప్లేటులో రెండు మూడు కలిపి వేసే సెట్ దోశ. లెక్కల్లో జార్జ్ కాంటర్ 1874 నుంచి కట్టిన సిద్ధాంతాన్ని ఇంగ్లీషులో 'సెట్ థియరీ' అంటారు. తెలుగు మీడియం వాళ్లం మనం 'సమితులు' అని చదువుకున్నాం. సమితి అంటే కలిసి వచ్చినది. లాటిన్‌వాడు వెంట నడిచే గుంపు అన్నాడు, మనం కలిసి వచ్చిన గుంపు అన్నాం. అనువాదం చేసినవాళ్లెవరో గానీ, చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రెండు సెట్లూ ఒకే చోట ఆడే ఆట ఒకటుంది, వాలీబాల్. 25 పాయింట్లకి ఒక సెట్, అది గుంపు సెట్. నెట్ దగ్గర బంతిని కొట్టడానికి వీలుగా గాల్లో అమర్చిపెట్టడమూ సెట్టే, అది కూర్చోబెట్టే సెట్. అలా అమర్చేవాడు సెట్టర్. మూడో సెట్‌లో సెట్టర్ మంచి సెట్ ఇచ్చాడంటే ఆడేవాడు ఎవడూ తికమక పడడు.

బీచ్‌లో ఇంకోటి ఉంది. రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకునే కుర్రాళ్లు బోర్డు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ "సెట్ వస్తోంది" అంటుంటారు. ఎక్కడో దూరాన గాలికి లేచిన కెరటాలు కొంచెం కొంచెం తేడా ఉన్న పొడవులతో కలిసి ప్రయాణం చేస్తాయి. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి కూడి పెద్దవవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తినేసుకుంటాయి. అందుకే ఒడ్డుకి వచ్చేసరికి నాలుగైదు పెద్ద కెరటాలు వరసగా, తర్వాత కాసేపు చిన్నవి, మళ్లీ పెద్దవి. పెద జాలారిపేట ఒడ్డున పడవ తోసేవాళ్లని ఒకసారి నిలబడి చూడండి. అందరూ పడవ అంచులు పట్టుకుని, నీళ్లు మోకాళ్లదాకా వచ్చినా కదలకుండా చూస్తూ ఉంటారు. పెద్ద కెరటాల వరస విరిగి వెనక్కి లాగిందో లేదో, ఒక్క కేక, ఒక్క తోపు. సర్ఫర్ ఆ వరస కోసం ఆగుతాడు, జాలరి ఆ వరస పోవడం కోసం ఆగుతాడు. ఇంగ్లీషు తెలిసినా తెలియకపోయినా ఇద్దరూ చూస్తున్నది ఆ సెట్‌నే. ఒకదాని వెంట ఒకటి నడిచి వచ్చేది, అచ్చంగా లాటిన్ అర్థంలో.

మన మాటల్లో ఇంకో సెట్ ఉంది. అది మనమే చేసుకున్నది. "ఆ చొక్కా నీకు బాగా సెట్ అయింది", "సంబంధం సెట్ అయింది", "మా ఇద్దరికీ సెట్ కాదు". సరిపోవడం, కుదరడం అని. తెలుగులో ఇది చక్కటి మాట, తప్పేమీ లేదు. కానీ ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఇలా అంటే ఎదుటివాళ్లకి అర్థం కాదు. అక్కడ 'సూట్' అనో 'ఫిట్' అనో చెప్పాలి. చిత్రమేమిటంటే 'సూట్' కూడా ఆ 'వెంట నడిచే' ఇంటిదే. మనం తెలియకుండానే అక్క బదులు చెల్లెలిని పిలుస్తున్నాం. 'లైఫ్ సెట్' అనేది మాత్రం ఇంగ్లీషువాళ్ల 'సెట్ ఫర్ లైఫ్'కి దగ్గరే, జీవితం ఓ చోట కుదురుగా కూర్చుంది అని.

ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ వేరు. వాటి చివర ఉన్న సెట్ 'కామన్ ఎంట్రెన్స్ టెస్ట్' తొలి అక్షరాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీసెట్‌లో సెట్ అంటే 'స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్'. చెవికి ఒకేలా ఉన్నా వీటితో మన మాటకి ఏ సంబంధమూ లేదు.

అర్థం పొరపడితే మనిషి ఎంత నలిగిపోతాడో ఒక సంగతి చెప్పాలి. పెందుర్తి వైపు నుంచి వచ్చే ఓ విద్యార్థి ఒకరోజు పాలిపోయిన మొహంతో ఒక కాగితం తెచ్చాడు. ఇల్లు ఖాళీ చేయమని కింది కోర్టు ఉత్తర్వు ఇస్తే, వాళ్ల నాన్న పై కోర్టుకి వెళ్లారు. తీర్పు వచ్చింది. ఆఖరి పేరాలో కింది ఉత్తర్వు 'సెట్ ఎసైడ్' అయిందని ఉంది. లాయరుగారు ఊళ్లో లేరు. ఇంట్లో అందరూ కూర్చుని నిఘంటువు తీసి చూస్తే 'పక్కన పెట్టు' అని ఉంది. ప్రస్తుతానికి పక్కన పెట్టారు, మళ్లీ ఎప్పుడో తీస్తారు అనుకున్నారు. పది రోజులు టెన్షన్‌తో వాళ్లమ్మ సరిగ్గా అన్నం తినలేదట. కాగితం చదివి, ఉత్తర్వు రద్దయిపోయింది నాన్నా, మీరు గెలిచారు అని చెప్తే ఆ కుర్రాడు అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు.

కోర్టు భాషలో 'సెట్ ఎసైడ్' అంటే కొట్టేయడం. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం 34వ సెక్షన్‌లోనూ ఆ మాటే ఉంది, మధ్యవర్తి ఇచ్చిన తీర్పుని రద్దు చేయమని అడగడానికి. బడ్జెట్ వార్తల్లో ఫలానా పనికి ఇన్ని కోట్లు 'సెట్ ఎసైడ్' చేశారంటే మాత్రం ప్రత్యేకంగా కేటాయించారని. ఒకచోట చంపేయడం, ఒకచోట కాపాడటం. ఇవి రెండు అర్థాల్లా కనబడతాయి గానీ, పని ఒకటే. దారిలో ఉన్నదాన్ని తీసి పక్కన కూర్చోబెట్టడం. ఉత్తర్వుని దారిలోంచి తీసేస్తే దానికిక అధికారం లేదు. డబ్బుని దారిలోంచి తీసేస్తే దాన్నిక ఎవరూ ముట్టుకోరు. పక్కకి వెళ్లింది ఏమిటన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ఇలా చూసిన పిల్లాడు మరోసారి తప్పు చేయడు. 'రద్దు' అని ఒక అర్థం, 'కేటాయింపు' అని ఇంకో అర్థం బట్టీ పట్టినవాడు ఎక్కడ ఏది వాడాలో తెలియక మళ్లీ ఆగిపోతాడు.

'సెట్ ఆఫ్' కూడా అలాంటిదే. ప్రయాణం మొదలుపెట్టడం, బాణసంచా అంటించడం, ఒక లెక్కలోంచి ఇంకోటి మినహాయించడం. మూడో అర్థం జైలు కాగితాల్లో కనబడుతుంది. విచారణ ఖైదీగా లోపల గడిపిన రోజులని పడిన శిక్షలోంచి తీసేస్తారు. పాత నేర విచారణ చట్టంలో 428వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 468. 'ఆఫ్' అంటే ఉన్నచోటు నుంచి విడిపోవడం. మనిషి ఊరి నుంచి విడిపోతే ప్రయాణం, తారాజువ్వ నేల నుంచి విడిపోతే పేలుడు, రోజులు శిక్ష నుంచి విడిపోతే మినహాయింపు. మనకి ఇలా చివర తగిలించే చిన్న ముక్కలు లేవు, మనం ముందు తగిలిస్తాం. నిలబెట్టు, పడుకోబెట్టు, బయటపెట్టు. పని మాత్రం అదే చేస్తాయి.

ఆ అమ్మాయి నలభై మూడు అర్థాల కాగితాన్ని చింపలేదు. ఒక్కోదాని పక్కన 'కూ' అనో 'గుం' అనో రాసుకుంటూ వచ్చింది. కూర్చోబెట్టేవి ఒక వైపు, గుంపువి ఇంకో వైపు. రెండింటిలోనూ చేరనివి మూడో నాలుగో మిగిలాయి. వారం తర్వాత సోమవారం క్లాసుకి నవ్వుతూ వచ్చింది. ఆదివారం భీమిలి దగ్గర వాళ్ల ఊరు వెళ్లి, మామ్మకి ఈ గొడవంతా చెప్పిందట. రాళ్లు కూర్చోబెట్టడం సంగతి చెప్తుంటే మామ్మ మధ్యలో ఆపి, "కూర్చోబెట్టడమేటే, పొదగడం అనాలి. బంగారంలో రాయి పొదుగుతారు" అని, పెరట్లో గంప కింద గుడ్ల మీద కదలకుండా కూర్చున్న కోడిని చూపించి, "అదిగో, అదీ పొదుగుతోంది" అందట.

"రాయికీ కోడికీ ఒకే మాటేటి సార్?" అని అడిగింది.

ఇంగ్లీషు మాట్లాడే పల్లెల్లో గుడ్ల మీద కూర్చున్న కోడిని ఏమంటారో బోర్డు మీద రాశాను. 'సెట్టింగ్ హెన్'.